నోటిగుడ్డ చరిత్ర



2020వ సంవత్సరము వేసవిలో, కరోనా మహమ్మారి మన పల్లెలకు వచ్చిన క్రొత్తలో, ఒకనాటి ఉదయము మా యింటి దడి యావల నిలిచి యొక స్త్రీ నన్ను పిలిచెను. ఆమె మా గ్రామపు ఆశా కార్యకర్త. చంకను ఒక పెద్ద పుస్తకము, చేత కలము, ముక్కును నోటిని కప్పుచు చీరకొంగు. "తాతగారూ, మీ యింట ఎవరికైన జ్వరము గాని దగ్గు గాని ఉన్నదా? పైయూరినుండి ఎవరైన వచ్చిరా?" అని యడిగెను. నేను అరుగుమీద కూర్చుండియుంటిని. పట్టణమునుండి మా అబ్బాయి పంపిన మంచి మాస్కు నా ముఖమున నుండెను. అట్టివి యింకను పది నా పెట్టెలో నుండెను. అయినను నేను, "అమ్మాయీ, దడి దాటి లోపలికి రాకుము" అంటిని. "రాను తాతగారూ. ఇప్పటికి నలుబది యిండ్లు తిరిగి వచ్చితిని. మీకు భయముండుట సహజమే" అని ఆమె పుస్తకములో ఏమో వ్రాసికొని ప్రక్కయింటికి పోయెను.

ఆమె పోయిన తరువాత నాకు సిగ్గు కలిగినది. అరుగు దిగని ముసలివానికి మాస్కు; ఇల్లిల్లు తిరిగి రోగమును వెదకుచు పోవు మనిషికి చీరకొంగు. ఈ తారుమారు ఎట్లు వచ్చినదాయని ఆలోచించితిని. ఆ దినములలో వేఱు పని లేకుండుటచేత, వైద్యము చేయువారు ముఖమునకు గుడ్డ కట్టుకొనుట ఎప్పుడు, ఎచ్చట, ఎవరితో మొదలైనదో చదువ నారంభించితిని. ఆ చదివినదానిలో కొంత మీకు విన్నవించెదను.

రోగము ఏ త్రోవను వచ్చునని జనులు నమ్ముదురో ఆ త్రోవకే తలుపు వేయుదురు. మన పెద్దలు అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు కట్టిరి. ప్లేగు దినములలో ఎలుకలు రాలుట చూచి, ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొనిరి. మీలో కొందఱి తాతలు ముత్తాతలు అట్టి పాకలలో నెలలు గడిపియుందురు. ఎలుకలు చచ్చిన యూరిని విడుచుట మంచి పద్ధతియేయని తరువాతి శాస్త్రము కూడ ఒప్పుకొన్నది.

ఐరోపాఖండమున దుర్గంధమే రోగమని నమ్మిరి. కుళ్ళిన వస్తువులనుండి పుట్టిన చెడుగాలి ముక్కుద్వారా లోనికి పోయి ప్లేగు కలిగించునని వారి మతము. ఫ్రాన్సు దేశమున పదుమూడవ లూయీ రాజునకు వైద్యుడైన షార్ల్ ద లోర్మ్ అను నతడు పదునేడవ శతాబ్దమున ప్లేగువైద్యుల కొక వేషము కల్పించెనని చెప్పుదురు. మైనము పూసిన తోలు అంగీ, చేతులకు తోలు తొడుగులు, కాళ్లకు తోలు జోళ్లు, కన్నులకు గాజుబిళ్లలు, ముఖమునకు అరడుగు పొడవున పక్షిముక్కువంటి తొడుగు. ఆ ముక్కులో సుగంధద్రవ్యములు కూరి, వాటి వాసన పీల్చుచు రోగి కడకు పోవుదురు. రోగిని చేతితో తాకక కఱ్ఱతో తాకి చూతురు. మన పగటివేషగాండ్రలో ఎవరును ఇంతటి వేషము కట్టియుండరు. మంచము పట్టినవాడు దానిని చూచి మఱింత జడిసికొనియుండును. వారి సిద్ధాంతము తప్పు. కాని మైనపు తోలుమీద పురుగు పట్టు దొరకక జారిపోవును గనుక ఆ అంగీ కొందఱినైన కాపాడియుండవచ్చునని ఇప్పటివారు తలంతురు. తప్పు కారణమునకు వేసిన తలుపు ఒక్కొక్కప్పుడు సరియైన త్రోవను మూయుట గలదు.

ప్లేగును కలిగించు క్రిమిని 1894లో హాంగ్‌కాంగ్ నగరమున అలెగ్జాండర్ యెర్సిన్ కనుగొనెను. రెండేండ్లకు, 1896లో, ఆ రోగము బొంబాయిలో దిగెను. 1898లో, అప్పటి మన దేశములోనిదే యగు కరాచీలో, పాల్ లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు ఎలుకల వెండ్రుకలలో నివసించి గంతులు వేయు చిన్న పురుగు కాటుచేత ప్లేగు మనుష్యునకు సోకునని చూపెను. మొదట అతని మాటను నమ్మినవారు తక్కువ. పదేండ్లు గడచునప్పటికి నమ్మనివారు తక్కువ. "ప్లేగు అనగా ఎలుక, ఎలుకమీది పురుగు" అని వైద్యులందఱి నాలుకలమీదను స్థిరపడినది. ఈ స్థిరపడుటయే తరువాత నొక వైద్యుని ప్రాణము తీసినది. ఆ కథ ముందు రాగలదు.

అంతకుముందే శస్త్రచికిత్స గదులలో రెండు క్రొత్త వస్తువులు కనబడెను. ఒకటి రబ్బరు చేతితొడుగు. అమెరికాలోని బాల్టిమోరు నగరపు జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కరోలిన్ హాంప్టన్ అను నర్సు చేతులు రసకర్పూరపు నీళ్లకు పుండ్లు పడుచుండగా, విలియం హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు ఆమె కొఱకు రబ్బరు కంపెనీచేత పలుచని తొడుగులు చేయించెను. 1890లో ఆమెను వివాహమాడెను. ఇంత లోకోపకారమైన వస్తువు ఒక చిన్నదాని చేతులమీది జాలితో పుట్టినదన్నమాట. రెండవది నోటిగుడ్డ. మాటలాడునప్పుడు నోటినుండి కంటికి కనబడని తుంపురులు వెడలుననియు, వాటిలో క్రిములుండుననియు జర్మనీదేశమందలి బ్రెస్లౌ నగరమున కార్ల్ ఫ్లూగె చూపగా, ఆ యూరి శస్త్రవైద్యుడే యైన మికులిచ్ 1897లో ముఖమునకు జాలిగుడ్డ కట్టుకొని కత్తి పట్టెను. అది వైద్యుని నోటినుండి రోగి గాయమును కాపాడుటకు. రోగినుండి వైద్యుని కాపాడుట అందలి యుద్దేశము కాదు.

ఇక మంచూరియాకు పోవుదము. అది చైనాదేశపు ఈశాన్యభాగము. 1910లో అక్కడ రష్యావారి రైలుమార్గమొకటి, జపానువారి రైలుమార్గమొకటి యుండెను. దేశము మాత్రము చైనా చక్రవర్తిది. ఆ బీళ్లలో తర్బగాన్ అను జంతువు కలదు. ఉడుతజాతిదే గాని పిల్లికంటె పెద్దది. నేలలో బొఱియలు చేసికొని యుండును. దాని చర్మమునకు రంగు వేసి విలువగల బొచ్చుకోటులుగా ఐరోపాలో అమ్ముట మొదలుకాగా ధర పలుమడుగులు పెరిగినది. అక్కడి పాత వేటగాండ్రు మందముగా నడచు తర్బగానును ముట్టరు. అది రోగిష్ఠిదని వారికి తెలియును. డబ్బు కొఱకు దక్షిణమునుండి వచ్చిన వేలకొలది పేదలకు ఆ తెలివి లేదు. తేలికగా దొరికిన దానినే పట్టిరి. ఒక్కొక్క చిన్న సత్రపు గదిలో అటకలు కట్టుకొని పదులకొలది కిక్కిరిసి నిద్రించిరి. బయట నీరు గడ్డకట్టు చలి. కిటికీ తెరచువాడు లేడు.

అక్టోబరులో సరిహద్దు స్టేషనైన మంజౌలీలో రోగము బయటపడెను. నవంబరులో రైలువెంట హార్బిన్ నగరము చేరెను. జ్వరము, దగ్గు, నెత్తురు కక్కుట, ముఖము నీలిబడుట, రెండు మూడు దినములలో మరణము. పట్టిన వానిలో బ్రతికినవాడు దాదాపు లేడు. హార్బిన్ చెంత ఫూజియాదియెన్ అను చైనావారి పేటలో ఒక్కొక్కయింట దీపము పెట్టువాడు కఱవయ్యెను.

డిసెంబరు 24వ తేదీని, ఒక సూక్ష్మదర్శిని యంత్రముతో, ఒక శిష్యునితో, వూ లియెన్‌తే అను ముప్పదియొక్క యేండ్ల వైద్యుడు ఆ రైలుస్టేషనులో దిగెను. ఇతడు మలయాదేశమందలి పెనాంగ్ పట్టణమున ఒక బంగారుపనివాని కుమారుడు. విద్యార్థివేతనము గెలిచి కేంబ్రిడ్జిలో వైద్యము చదివిన మొదటి చైనాజాతీయుడు. చైనా సైనిక వైద్యపాఠశాలలో ఉపాధ్యక్షుడుగా నుండగా ప్రభుత్వము ఇతనిని పంపినది. చైనాభాషలో నంత ధారాళముగా మాటలాడలేడు, వయస్సు చూచిన చిన్నది, చూడ పొట్టివాడు. ఇట్టివాని మాట పెద్దలు వినుట ఎంత కష్టమో మీకు వేఱుగా చెప్పవలెనా?

వచ్చిన మూడవనాడు, ఒక జపానుదేశపు సత్రముదారురాలు చనిపోగా, ఆమె దేహమును రహస్యముగా కోసి చూచెను. అప్పటి చైనాలో శవమును కోయుట మహాపరాధము. ఊపిరితిత్తులలో, నెత్తురులో ప్లేగుక్రిమి నిండియుండెను. అయినచో ఎలుకలేవి? ఆ చలిలో ఎలుకమీది పురుగు తిరుగుట యెట్లు? అప్పటికే ఎలుకలను పట్టి కోసి చూచినవారికి వాటిలో ఆ క్రిమి కనబడలేదు. దగ్గినవాని యెదుట నున్నవాడు పడిపోవుచున్నాడు. కావున వూ నిశ్చయించెను: ఈ ప్లేగు ఊపిరిప్లేగు, మనుష్యుని నోటినుండి మనుష్యుని నోటికి, నడుమ ఎలుక లేక, నేరుగా గాలిలో వచ్చుచున్నది. త్రోవ ముక్కు నోరు. తలుపు అక్కడనే వేయవలెను.

ఆయన చేయించిన తలుపు మిక్కిలి సామాన్యమైనది. గాయములకు కట్టు కట్టెడి పలుచని జాలిగుడ్డను దాదాపు రెండు మూరల పొడవున కోసి, మడిచి, మడతల నడుమ చదునైన దూదిపొర యుంచి, రెండు కొనలను పాయలుగా చీల్చి, చెవులపైన నొక పాయ, చెవులక్రింద నొక పాయ తీసి తలవెనుక ముడి వేయుట. ఇంతియే. ఆడువారు ఇంట కూర్చుండి చేయగలరు, ఎక్కడనైన దొరకు సరకు, వెల చవక. అంతవఱకు కత్తిపట్టువాని ముఖముననే యున్న గుడ్డను, రోగిని మోయువాడు, గేటు కాయువాడు, త్రోవన పోవువాడు సహితము తనను కాపాడుకొనుటకు కట్టుకొనవలెనని ఊరికంతకు చెప్పిన మనిషి ఇతడు. పండితు లెందఱో దీనికి నవ్విరి.

నవ్వినవారిలో జెరాల్ మెస్నీ అను ఫ్రెంచి వైద్యుడు పెద్ద పేరుగలవాడు. తియెన్‌త్సిన్‌లోని వైద్యకళాశాలలో ఆచార్యుడు. వయస్సున వూకంటె పెద్ద. ప్రభుత్వము ఇతనిని కూడ హార్బిన్ పంపెను. వూ ఇతని దర్శనమునకు పోయి, ఊపిరిప్లేగు సంగతి చెప్పి, గుడ్డ కట్టుకొనుమని వేడుకొనెను. మెస్నీ కోపగించి, జాతినెత్తి దూషించి, నీవా నాకు చెప్పువాడవని గద్దించెను. వూ మాట పెంచక లేచి వచ్చి, తాను తొలగుదునని ప్రభుత్వమునకు తంతి యిచ్చెను. ప్రభుత్వము వూ పక్షముననే నిలిచినది. తరువాత మెస్నీ రష్యావారి ప్లేగు ఆసుపత్రికి పోయి రోగులను పరీక్షించెను. తెల్లని అంగీ, తలకు టోపి, చేతులకు రబ్బరు తొడుగులు అన్నియు ధరించెను. పురుగు కుట్టుటకు, నెత్తురు అంటుటకు త్రోవలన్నియు మూసెను. ముఖమునకు గుడ్డ కట్టలేదు. కొలది దినములలో దగ్గు మొదలయ్యెను. 1911 జనవరి 11వ తేదీని మరణించెను.

నే నీ ఘట్టమును చదివినప్పుడెల్ల మెస్నీ మూర్ఖుడనుకొనలేకున్నాను. అతడు ధైర్యవంతుడే, పారిపోలేదు, రోగి ఛాతీమీద చెవి పెట్టుటకే వచ్చినాడు. చదివిన చదువు నంతయు ఒంటికి తొడిగికొని పోయెను. ఆ చదువు నిన్నటి రోగమునకు సరిపోవునది.

అతడు చనిపోయిన వార్త ప్రాకగానే హార్బిన్ వీథులలో గుడ్డ కట్టని ముఖము అరుదయ్యెను. తరువాతి పనులు వేగముగా జరిగెను. పేటను నాలుగు భాగములు చేసి, భాగమునకొక రంగు గుర్తు పెట్టి, ఒక భాగమువారు మఱియొక భాగమునకు పోకుండ సిపాయిలను నిలిపిరి. రోగుల యింటివారిని ఉంచుటకు రష్యావారు రైలుపెట్టెలిచ్చిరి. నేల రాయివలె గడ్డకట్టి పాతిపెట్ట వీలులేక, రెండువేలకు పైగా శవములు శ్మశానమున మంచులో పేర్చియుండెను. ఆనాటి చైనావారికి శవదహనము ఎంత దారుణమో మనకు శవమును దహింపకుండుట అంత. చక్రవర్తి అనుమతి తెప్పించి, వారి సంవత్సరాదికి మఱునాడు, జనవరి 31న, వాటిని దహనము చేసిరి. మార్చి 1వ తేదీన ఆ పేటలో కడపటి రోగి నమోదయ్యెను. మొత్తము మంచూరియాలోను పరిసరములలోను పోయినవారు సుమారు 60,000 మంది.

ఆ పనిలో నిలిచిన వారి లెక్కయు చెప్పవలెను. ఫూజియాదియెన్ పేటలో ప్లేగుపని చేసినవారు సుమారు మూడువేలమంది. వారిలో చనిపోయినవారు దాదాపు మూడువందలమంది. పదింట నొకడు. డాక్టర్లలో పోయినవారు స్వల్పము. శవములు మోసినవారు, రోగులను బండ్లకెత్తినవారు, ఇండ్లు కడిగినవారు, కాపలా సిపాయిలు, వీరే అధికము. మెస్నీ పేరు పుస్తకములలో నున్నది. ఈ మూడువందలమంది పేర్లు నాకు ఎచ్చటను కనబడలేదు. గుడ్డ కట్టుకొనుమని ఆజ్ఞ యుండుట వేఱు. దానిని ఎట్లు కట్టవలెనో, విప్పునప్పుడు చేయి ఎచ్చట పెట్టరాదో, తడిసినప్పుడు మార్చుటకు మఱియొకటి దొరకుట యెట్లో ఒక కూలివానికి ఓపికగా చెప్పి యిచ్చుట వేఱు. వూ పాఠమును పలుమాఱు చెప్పించెను. కాని శవముల బరువు మోయుచు రొప్పువానికి నోటిగుడ్డ ఊపిరికి అడ్డమని తోచును గదా.

గుడ్డ సర్వరక్షణ కాదనుటకును నిదర్శనము కలదు. దక్షిణమున ముక్డెన్ నగరమందు ఆర్థర్ జాక్సన్ అను యువవైద్యుడు, ఇంటికి పోవు కూలీలను రైలునుండి దింపి సత్రములలో నుంచి పరీక్షించు పనికి తానై ముందుకు వచ్చెను. అంగీ, ముసుగు, నోటిగుడ్డ అన్నియు ధరించెడివాడు. ఇరుకు గదులలో దగ్గు కూలీల నడుమ దినదినము నిలిచి, జనవరి 25న, ఇరువదియాఱేండ్ల వయస్సున గతించెను.

ఆ యేప్రిలు నెలలో ముక్డెన్ నగరమున పదునొకండు దేశముల వైద్యులు కూడి సభ చేసిరి. ఆ సభకు అధ్యక్షుడు వూ. చైనా గడ్డమీద అట్టి అంతర్జాతీయ వైద్యసభ అదే మొదటిది. 1935లో నోబెల్ బహుమతికి ఇతని పేరు ప్రతిపాదింపబడినది. జపాను దండయాత్రకాలమున స్వదేశమునకు తిరిగి పోయి, ఈపో పట్టణమున సామాన్య వైద్యుడుగా పేదలకు మందిచ్చుచు, 1960లో పెనాంగ్‌లో గతించెను.

1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఈ గుడ్డ ప్రపంచమంతట వ్యాపించెను. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో నగరమున దానిని కట్టనివానికి జరిమానాలు వేసిరి. 1919 జనవరిలో ఆ యూరివారు మాస్కు వ్యతిరేక సంఘమే పెట్టుకొనిరి. చాలచోట్ల జాలిగుడ్డ మఱియు పలుచనై, దూది మానిపించి, పేరునకు మాత్రమే మిగిలినది. మన దేశమున ఆ జ్వరముచేత కనీసము కోటి యిరువది లక్షలమంది పోయిరి. ఆ మరణములలో ఎక్కువభాగము డాక్టరు ముఖమే ఎఱుగని పల్లెలలోనివి.

పిదప గుడ్డ రూపమే మారినది. గనులలో ధూళినుండి కాపాడు కప్పువంటి మాస్కులు 1970 తరువాత అమెరికాలో ప్రభుత్వపు ముద్రతో వచ్చెను. వాటిలోని పొరను చేయు విధము మీరు తిరునాళ్లలో చూచినదే. పీచుమిఠాయి తీయునట్లు, కరగిన ప్లాస్టికును వేడిగాలితో ఊది, సన్నని పోగులుగా పఱచుదురు. పోగులు ఎంత సన్నవైనను నడుమ సందులుండును గదా? దీనికి 1990 తరువాత టెనెస్సీ విశ్వవిద్యాలయమందలి పీటర్ త్సాయ్ అను తైవాన్‌లో పుట్టిన ఆచార్యుడు మంచి ఉపాయము చేసెను. పొడితల దువ్విన దువ్వెనను కాగితపు ముక్కల చెంత పెట్టినచో అవి ఎగిరి వచ్చి అంటుకొనుట మీరెఱుగుదురు. అట్టి విద్యుత్తును ఆ పోగులకు పట్టించెను. సందులో దూరబోవు కణము ప్రక్కకు లాగబడి పోగుకు అంటుకొనును. ఊపిరి సుఖముగా ఆడును, రోగము ఆగును. ఎన్-95 అను పేరులోని 95, నూటికి తొంబదియైదు సూక్ష్మకణముల నాపునని తెలుపును. సబ్బుతో ఉదికినచో ఆ విద్యుత్తు పోవును. చూడ శుభ్రమైన గుడ్డయే మిగులును.

2003లో సార్స్ అను శ్వాసరోగము సుమారు ముప్పది దేశములకు ప్రాకగా, రోగము పట్టినవారిలో ఐదింట నొకరు వైద్యులు, నర్సులు, ఆసుపత్రి పనివారు. ఆ రోగము క్రొత్తదని హానోయినుండి ప్రపంచమునకు మొదట తెలిపిన కార్లో అర్బానీ అను ఇటలీ వైద్యుడు తానే దానిచేత ఆ యేడు మార్చి 29న పోయెను. ఆ రోగము అణగినది. కొనియుంచిన మాస్కులు గిడ్డంగులలో చాలచోట్ల గడువు మీరినవి. వాటి స్థానమున క్రొత్తవి కొన్నవారు తక్కువ.

అందుచేతనే 2020 మార్చి 3వ తేదీని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక చేయవలసి వచ్చెను. నెలకు 8 కోట్ల 90 లక్షల మాస్కులు, 7 కోట్ల 60 లక్షల చేతితొడుగులు కావలెననియు, తయారీ నూటికి నలుబది పాళ్లు పెంచవలెననియు చెప్పెను. ధనికదేశములే ఒకదాని సరకు నొకటి విమానాశ్రయములలో వేలము పాడి కొనిపోయినవి. మన దేశమున కొన్నిచోట్ల డాక్టర్లు వానకోటు తొడిగికొని, ఒకరిద్దఱు మోటారుసైకిలు శిరస్త్రాణము పెట్టుకొని రోగులను చూచిరి.

గాలి సంగతి మరల వచ్చెను. ఆ మార్చి 28న అదే సంస్థ, ఈ రోగము గాలిద్వారా వ్యాపించునది కాదని ప్రకటించెను. పెద్ద తుంపురులు రెండు మూరల దూరము పోక నేల రాలునని దాని తలంపు. అట్లైనచో సాధారణపు మాస్కు చాలును; ఎన్-95 కొద్దిమందికే యిచ్చిన చాలును. జూలైలో 239 మంది శాస్త్రజ్ఞులు, సన్నని కణములు గది గాలిలో తేలుచు నిలుచునని బహిరంగలేఖ వ్రాసిరి. 2021లో సంస్థ ఆ మాటను తన ప్రకటనలలో స్పష్టముగా చేర్చినది. హార్బిన్‌లో వూ చెప్పి 110 ఏండ్లు. రెండు రోగములు వేఱు, కాలములు వేఱు, ఆ సంస్థవారు మెస్నీవలె ఎవరిని దూషింపలేదు. సరకు కొఱత యన్నది వారి చేతులు కట్టివేసినదియు నిజమే. కాని సరకు లేదని చెప్పుట యొకటి, అవసరము లేదని చెప్పుట యొకటి. ఈ రెంటిని కలిపివేయుట నాకు సమ్మతము కాదు. 2020 జనవరి మొదలు 2021 మే వఱకు లోకమున ఆరోగ్యపు పనివారు సుమారు 1,15,500 మంది కోవిడ్‌చేత చనిపోయిరని అదే సంస్థ అంచనా వేసినది.

మన దేశపు సంగతి యొకటి సంతోషముగా చెప్పుదును. 2020కి ముందు ఆపాదమస్తకము కప్పు రక్షణదుస్తు, పీపీఈ కిట్టు అనునది, మన దేశమున తయారగుట లేనట్లే. మే నెల నడిమికి దినమునకు రెండు లక్షల కిట్లు, రెండు లక్షల ఎన్-95 మాస్కులు తయారగుచుండెను. చొక్కాలు కుట్టు మిషన్లవారే వీటిని కుట్టిరి. కాని చొక్కా కుట్టినట్లు కుట్టిన చాలదు. సూది గుచ్చిన ప్రతిచోటను రంధ్రము. వరుసగా వేయి రంధ్రములున్న కుట్టు త్రోవను నెత్తురు, ఉమ్మి లోనికి దిగవచ్చును. అందుచేత కుట్టుపైన నొక పట్టీ వేసి, వేడిగాలి యంత్రముతో కరగించి అతుకుదురు. అట్టి యంత్రములు దేశమున మొదట కొద్ది. కోయంబత్తూరిలోని వస్త్రపరిశోధన సంస్థవారు కృత్రిమరక్తమును ఒత్తిడితో చిమ్మి, అవతల చెమ్మ కనబడినచో ఆ గుడ్డను త్రోసివేసిరి. నమూనాలు తప్పి, మరల కుట్టి, మరల పంపి, ఆ మిషనువాండ్రు నేర్చుకొనిరి.

ఆ దుస్తు తొడిగిన నర్సునొకతెను నే నడిగితిని. లోపల గాలి చొరదు. మన వేసవిలో అరగంటకు చెమట పాదములలోనికి కారును. కంటి అద్దము మసకబాఱును. ఆఱు గంటలవఱకు దాహము తీర్చుకొనుట, మఱుగునకు పోవుట లేదు. తొడుగుటకంటె విప్పుటయే ప్రమాదమనియు, బయటివైపు చేయి తగులకుండ లోపలిది వెలికి చుట్టుకొనుచు విప్పవలెననియు, అలసిన వేళ ఆ ఒక్క క్షణమే భయమనియు ఆమె చెప్పెను. ఆమె మాటలు వినుచుండగా, రొప్పుచు శవము మోసిన ఆ హార్బిన్ కూలివాడు నాకు జ్ఞాపకము వచ్చెను.

2021 వేసవిలో మహమ్మారి రెండవమాఱు మా యూరిమీద పడినప్పుడు ఆ ఆశా కార్యకర్త మరల మా దడి చెంతకు వచ్చెను. ఈమాఱు ఆమె ముఖమున సర్కారువారిచ్చిన మాస్కు కలదు. ఉదికి ఉదికి దాని అంచులు పోగులు లేచియుండెను. నేను ముందే సిద్ధము చేసియుంచిన ఎన్-95 మాస్కుల కట్టను దడిమీదుగా అందించి, "ఇవి ఉదుకరాదమ్మా, ఉదికిన పని చేయవు" అంటిని. ఆమె కట్ట విప్పి రెండు తీసికొనెను. వెనుక వీథిలో, మురుగుకాలువ చెంత, పంచాయతి పారిశుద్ధ్యపు పనివాడు ఒక చావింటినుండి బయట వేసిన పఱుపును తన బండికి ఎత్తుచుండెను. తలగుడ్డ కొన నోటికి చుట్టుకొని యుండెను. ఆమె అతనిని పేరు పెట్టి పిలిచి, తక్కినవి అతని చేతికిచ్చి, ఎట్లు కట్టుకొనవలెనో తన ముఖముమీద చూపించి, ముక్కుమీది తీగను నొక్కుమని చెప్పి, అతడు సరిగా నొక్కువఱకు అక్కడనే నిలిచెను.